ఏడు చుక్కల మనిషి

రోజు 19

ఈ పుస్తకం ఆచూకీ భవనం వారు పంపారు. అట్ట మీద 'ఎదురుచూపు దినచర్య' అని బంగారు రంగు అక్షరాలు, లోపల గీతల కాగితం. ఆడమనిషి తప్పిపోయిన ప్రతి ఇంటికీ ఒకటి చొప్పున ఇస్తారట. మొదటి పేజీలో సూచనలున్నాయి. రోజూ రాయాలి. విషయం మాత్రమే రాయాలి. విశేషణాలు వాడరాదు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, సూచనలు పాటించడం నాకు కొత్త కాదు. కానీ విశేషణాలు లేకుండా ఈ భవనం గురించి రాయడం నావల్ల కాదు కాబట్టి ఆ ఒక్కటీ పక్కన పెడుతున్నాను.

నా పేరు రత్నాలమ్మ. వయసు డెబ్భై ఒకటి. సముద్రపు గోడకి లోపలి వైపు, గోడపేటలో, నాలుగో అంతస్తు, పదకొండో అర. కొండలు తొలిచి లోహం తీసుకున్నాక మమ్మల్ని ఇక్కడికి దించి, ఈ అరల్లో సర్దారు. సర్దారు అనే మాట వాళ్ళదే, కాగితం మీద ఉంది.

తప్పిపోయింది నా మనవరాలు సుకిరి. ఇరవై రెండేళ్ళు. దాని తల్లీ తండ్రీ కొండ కూలిన ఏడాది పోయారు, అప్పటినుంచి అది నా దగ్గరే. నాచు తెప్పల మీద ఆటుపోట్లు కొలిచే పనికని ఒక మేస్త్రీతో వెళ్ళింది. ఆరు సాయంత్రాలు గొంతుపెట్టెలో మాట్లాడింది. ఏడో సాయంత్రం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఈ లెక్క. దానంతటదే దిగి వెళ్ళిపోయిందని మేస్త్రీ అంటాడు. సముద్రం మధ్యలో దిగి ఎక్కడికి వెళ్ళిందని అడిగితే, ఈ కాలం పిల్లలమ్మా, అన్నాడు.

నిన్న ఆచూకీ భవనానికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. పది గంటలకే వరుసలో నిలబడితే లోపలికి రానిచ్చేసరికి మధ్యాహ్నం. హాల్లో పెద్ద పలక ఉంది. దాని మీద మా పేట వివరం: తప్పిపోయినవారు 13, దొరికినవారు 13. ఆచూకీ లేనివారు సున్నా. నేను రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్ళలో మా పేట నుంచి పోయిన పదమూడు మందిలో ఒక్కతె కూడా ఇంటికి రాగా నేను చూడలేదు.

రోజు 20

చీటీ వచ్చింది. సర్కారు వారు ఇంత తొందరగా కదలడం నా జీవితంలో ఇదే మొదలు.

'మీ ఇంటి స్త్రీ క్షేమం. కనిపించిన సమయం: మొన్న ఉదయం 10.10. చూసిన కన్ను నంబరు 3. వయసు వచ్చిన స్త్రీ కాబట్టి ఆమె ఉన్న చోటు తెలుపబడదు. వెతుకు పడవలు పంపబడవు.'

చీటీ పట్టుకుని అరలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్నిసార్లు నడిచానో. ఈ గది నాలుగు అడుగులే, కాబట్టి చాలాసార్లు. బతికే ఉంది. ఏ గుమ్మం దగ్గరో, ఏ ట్రాము మెట్టు దగ్గరో సర్కారు కంటికి కనిపించింది. సాయంత్రానికి వస్తుందని రెండు గ్లాసుల బియ్యం కడిగాను. అన్నం చల్లారాక కోపం వచ్చింది. బతికుండి, ఇంత దగ్గరలో ఉండి, అమ్మమ్మకి ఒక్క మాట చెప్పదా? వస్తే ఏమేం అనాలో వరుసగా పెట్టుకున్నాను. పదకొండు వాక్యాలయ్యాయి. అన్నిట్లోనూ విశేషణాలున్నాయి.

రోజు 21

తెల్లవారగానే గోడ పైకెక్కి మంచు వలలు దులిపాం. రాత్రి మంచు వలల్లో పట్టి, డబ్బాల్లోకి దించితే రోజుకి సరిపడా తాగేనీళ్ళు. నా పక్క వల బుద్రిది. ఎదురు అరలో ఉంటుంది, నలభై దాటింది, మాట తక్కువ. దాని చెల్లెలు మాలతి రెండేళ్ళ క్రితం ఇలాగే తెప్పల పనికి వెళ్ళి రాలేదు.

సుకిరి కనిపించిందట అని చెప్పాను. నా గొంతులో గర్వం కూడా ఉందేమో. బుద్రి వల దులపడం ఆపలేదు. డబ్బా నిండాక మూత బిగించి, అప్పుడు అంది:

"నాకూ ఒచ్చినాయి టీచరమ్మా అలాటి సీటీలు. రెండేళ్ళలో మా మాలతి ఏడొందల సార్లు అగుపించినాదంట. నాకు తప్ప అందరికీ అగుపించినాది."

ఏ కన్ను చూసిందని అడిగాను. నలభై ఒకటి అంది. ఎప్పుడూ అదేనట.

మధ్యాహ్నం రేషనుకి వెళ్ళాం. నా కార్డు గేటుకి చూపించి లోపలికి వెళ్తూ, ఎందుకో తల ఎత్తి చూశాను. గుమ్మం మీద గాజు కన్ను. దాని కింద తుప్పు పట్టిన రేకు మీద అంకె. నలభై ఒకటి.

బుద్రి రోజూ రేషను తెచ్చుకునే చోటే దాని చెల్లెలు రోజూ కనిపిస్తోంది. బుద్రి దాన్ని చూడలేదు. ఇందులో ఏదో లెక్క తప్పుంది. ఇంకా పట్టుకోలేకపోతున్నాను, కాళ్ళు మాత్రం ఒక చోట నిలవడం లేదు.

రోజు 24

మళ్ళీ భవనానికి వెళ్ళాను. ఈసారి లోపలికి వెళ్ళేముందు గుమ్మం మీదకి చూశాను. కన్ను నంబరు 3.

ఆరు రోజుల క్రితం, ఉదయం పది దాటి పది నిమిషాలకి, ఆ కన్ను కింద నిలబడింది ఎవరో నాకు తెలుసు. వరుస కదలడం లేదని కాపలావాడితో గొడవ పెట్టుకుని టైము చూసింది నేనే.

కనిపించింది సుకిరి కాదు. నేను.

ఇక్కడ మా చుక్కల గురించి రాయాలి. మా తెగ ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఎడమ కణత మీద ఏడు చుక్కలు పొడుస్తాం. మూడు సూదులు కట్టగా కట్టి, దీపం మసి, ఆకుపసరు. అమ్మమ్మలు చేసే పని. అందరికీ ఏడే, ఒకే వంపు, ఒకే దూరం. చచ్చి పైకి వెళ్ళినప్పుడు మా పెద్దలు ఆ చుక్కలు చూసి మావాళ్ళే అని దారి ఇస్తారని నమ్మకం. సుకిరికి నేనే పొడిచాను. పదమూడేళ్ళది, నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే, అందరికీ ఏడేనా, నాకని ఇంకొకటి పెట్టవా అని అడిగింది. పైవాళ్ళు నిన్ను గుర్తుపట్టరే అని కసిరాను.

ఇక రెండో సంగతి. సూచనల్లో విషయం మాత్రమే రాయమన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం, మా ఆడవాళ్ళు వరసగా మాయమవుతుంటే ఊరేగింపులు జరిగి, ప్రభుత్వం కదిలి ఈ సంస్థ పెట్టింది. సలహా సంఘంలో మా తరఫున ఒకరు కావాలన్నారు. మూడు భాషలు రాయగలదు, నెమ్మదిగా మాట్లాడుతుంది అని నన్ను పిలిచారు. రెండోది వాళ్ళ పొరపాటు. మొదటి సమావేశంలో అధికారి ఒకాయన బాధపడుతూ చెప్పారు. కళ్ళు చూసిన ముఖాలని గుర్తుపట్టే యంత్రానికి తెల్లటి ముఖాలతోనే పాఠాలు చెప్పించారట. మా నల్లటి ముఖాలు దానికి ఆనడం లేదట, అందరూ ఒకేలా ఉన్నారంటోందట. అప్పుడు నేను లేచాను. మా ముఖాలు మీ యంత్రానికి ఆనకపోతే మా చుక్కలు చూడమనండి, అవి అబద్ధం చెప్పవు, అన్నాను. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి ఏడు చుక్కలూ సరైన దూరంలో గీసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ బొమ్మ ఇప్పటికీ మేడ మెట్ల దగ్గర గోడకుంది, కింద నా సంతకంతో.

తప్పిపోయిన ప్రతి పిల్ల కాగితంలోనూ గుర్తుగా ఆ బొమ్మే పెట్టారు. ఏడు చుక్కలు ఎక్కడైనా కనిపించాయా అని యంత్రం రోజూ ఊళ్ళో కళ్ళన్నిటినీ అడుగుతుంది. కనిపించాయంటాయి. మా తెగంతా ఈ గోడపేటలోనే, చుక్కలున్న ఆడవాళ్ళం నలభై ఆరుగురం ఉన్నాం. ఎవరో ఒకరు రేషనుకి వెళ్తాం, ట్రాము ఎక్కుతాం. లేకపోతే, మా పిల్ల ఏదీ అని అడగడానికి ఆచూకీ భవనానికి వెళ్తాం.

వెతకమని అడగడానికి వెళ్ళి వెతుకులాట ఆపించి వచ్చాను.

రోజు 25

సహాయ సంచాలకుడు హేమసుందర్‌తో గంట మాట్లాడాను. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని, సుకిరిదీ కలిపి పద్నాలుగు కాగితాలూ తెప్పించుకుని బల్ల మీద పరిచాడు. పద్నాలుగింటి మీదా నా బొమ్మ. అతని టీ తొరక కట్టింది.

సరిదిద్దాలంటే సలహా సంఘం కూడాలి, అది మూడు నెలలకొకసారి కూడుతుంది, మొన్ననే కూడింది అని చెప్పాడు. కనిపించినట్టు నమోదైన మనిషి కోసం పడవలు పంపే అధికారం తనకి లేదన్నాడు. ఇక తాను చేయగలిగిందేమీ లేదని చెప్పి, లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, నిబంధనల పుస్తకం తీసి పైకి చదివాడు. పిల్లలకి డిక్టేషను చెప్పినట్టు నెమ్మదిగా.

"నిబంధన పదకొండు. గుర్తు ఏడు పూర్తి రోజులపాటు ఏ కంటికీ కనిపించని పక్షంలో, ఎవరి సంతకమూ అవసరం లేకుండా, వెతుకు పడవలు వాటంతటవే బయలుదేరతాయి. గుర్తు తిరిగి కనిపించిన మరుక్షణం వెనక్కి వస్తాయి."

ఇంకొకసారి చదివాడు. పుస్తకం మూశాడు.

"నేను మీకేమీ చెప్పలేదమ్మా. చదువుకుంటున్నాను, అంతే."

మంచి విద్యార్థివి నాయనా అని చెప్పి వచ్చేశాను. గుమ్మంలో కన్ను నంబరు 3 నన్ను మళ్ళీ చూసింది. పద్నాలుగు మందీ మళ్ళీ క్షేమం.

రోజు 26

నలభై ఆరుగురినీ రెండో అంతస్తు వసారాలో కూర్చోబెట్టాను. ముందు బొమ్మ సంగతి చెప్పాను, నా సంతకం సంగతి కూడా. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత చేయాల్సింది చెప్పాను. మా సందుల్లో కళ్ళు లేవు. రేషను గుమ్మం, ట్రాము, ఆసుపత్రి, రేవు, మేం కూలికి వెళ్ళే నాచు మడులు, గోడ పైభాగం, వీటి దగ్గరే ఉన్నాయి. కార్డున్నా, ముఖానికి గుడ్డ కప్పుకుని వెళ్తే గేటు తెరుచుకోదు. అందుకని ఏడు రోజులు నలభై ఆరుగురమూ సందు దాటకూడదు. బయటి పనులు మగవాళ్ళు చేయాలి. ఇది చెప్పగానే మగవాళ్ళ వైపు నుంచి దగ్గులు వినిపించాయి.

నాచు మడికి ఏడు రోజులు పోకపోతే పనిలో చోటు పోతుందని కొందరన్నారు. మంగిలి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. దానికి నెలలు నిండుతున్నాయి. ఇదంతా నీ మనవరాలి కోసమేగా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. అవునన్నాను. అబద్ధం ఎందుకు, మిగతా పదమూడుగురి కోసం నేను ఎనిమిదేళ్ళూ ఏం చేయలేదు కదా.

బుద్రి లేచింది. అంతకుముందు అది నలుగురిలో మాట్లాడగా ఎవరూ వినలేదు.

"మా మాలతిని రెండేళ్ళ బట్టి నానే ఆపీసినాను. రోజూ రేసనుకెళ్ళి నా సేతుల్తో నానే ఆపీసినాను. ఏడు రోజులు కూకోడానికేటి, ఏడు నెల్లు కూకుంటాను. మీ ఇట్టం."

చెప్పి కూర్చుంది. తర్వాత ఎవరూ గొణగలేదు.

రోజు 29

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మడి సూపర్‌వైజరు మనిషిని పంపి, నలభై మందికి ఒకేసారి ఏం జబ్బని అడిగించాడు. ఆడవాళ్ళ జబ్బని చెప్పించాను. మళ్ళీ అడగలేదు. మగవాళ్ళు మంచు వలలు తలకిందులుగా కట్టి, ఈ ఏడాది మంచే లేదు అంటూ దిగి వచ్చారు.

మూడో రోజు, అంటే ఈ రోజు, గౌరమ్మ అవ్వ తప్పించుకుంది. ఎనభై రెండేళ్ళు. ట్రాము ఎక్కి, వంతెన దగ్గర దిగి, ఆకూ వక్కా కొనుక్కుని, మళ్ళీ ట్రాము ఎక్కి వచ్చింది. నాలుగు కళ్ళు.

"ఒలే రత్నాలూ, నన్నెవులు సూస్తారే ఈ వొయిసులో," అంది, నోరంతా ఎర్రగా.

యంత్రం చూసిందవ్వా అన్నాను. ఆ నాలుగు కళ్ళకీ తను పద్నాలుగు మంది ఆడపిల్లలుగా కనిపించిందని విడమర్చి చెప్పాను. అవ్వ నవ్వు ఆగిపోయింది. నోట్లో ఉన్నది ఉమ్మేసి, మిగిలిన ఆకులు నా ఒళ్ళో పెట్టి, తన అరకి బయట గొళ్ళెం పెట్టమంది.

లెక్క మళ్ళీ ఒకటి నుంచి. సుకిరి మాట్లాడి ఇరవై తొమ్మిది రోజులు. మేస్త్రీ మనుషులు ఒక మనిషిని ఎన్నాళ్ళు ఉంచుకుంటారో, తర్వాత ఏం చేస్తారో లెక్క వేయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. ఆ లెక్క నాకు వచ్చు.

రోజు 33

ఈ విడతలో నాలుగో రోజు. రాయడానికి ఏమీ లేదు, అందుకే చెయ్యి ఊరుకోవడం లేదు. ఉదయం నుంచి సందు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాను. నూట పన్నెండు అడుగులు. మా సందుకి ఇంతమంది ఆడవాళ్ళు పగలంతా ఉండటం అలవాటు లేదు. ఒకరి తల ఒకరు దువ్వుతున్నారు, దువ్వినదాన్నే మళ్ళీ దువ్వుతున్నారు. ఎవరిదో గొంతుపెట్టె మోగితే నలభై ఆరుగురూ లేచి నిలబడ్డారు. అల్లుడు, రేషనులో ఉప్పు ఇవ్వలేదని చెప్పడానికి.

రోజు 35

మధ్యాహ్నం రెండింటికి మంగిలికి నొప్పులు మొదలయ్యాయి. మా అవ్వలు చూసుకుంటామన్నారు. నాలుగింటికి రక్తం కనిపించింది, ఆసుపత్రికి తప్పదన్నారు. ఆసుపత్రి గేటుకి కన్ను ఉంది. మా ఆరో రోజు ఇంకా ముగియలేదు.

అందరూ నా వైపు చూశారు. బుద్రి మాత్రం నేల వైపు చూసింది.

ఒక అర నిమిషం నేనేమీ అనలేదు. మంగిలి మూలుగు వినిపిస్తూనే ఉంది, నేనేమీ అనలేదు. ఆ అర నిమిషాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇదీ విషయమే.

తర్వాత సుకిరి మాట గుర్తొచ్చింది. నాకని ఇంకొకటి పెట్టవా.

సూదులు తెమ్మన్నాను. యంత్రం చూసేది ఏడు చుక్కల్ని, ఎనిమిది ఉంటే దాని దృష్టిలో ఈమె ఇంకెవరో. గేటు కార్డు చూసి తెరుచుకుంటుంది, బొమ్మతో పోల్చినప్పుడు మాత్రం కలవదు. గౌరమ్మ అవ్వ గొళ్ళెం పెట్టిన తలుపు వెనక నుంచే అరిచింది, తప్పే, పైనోళ్ళు పిల్లని ఆనవాలు పట్టరే, అని. తరతరాలుగా అందరికీ ఏడే. నా చెయ్యి కూడా ఒక క్షణం ఆగింది.

మంగిలి నా మణికట్టు పట్టుకుంది.

"పైకెల్లినప్పుడు ఆల్లకి నానే సెప్పుకుంటాను టీచరమ్మా. ముందర ఆసుపత్రికి ఎల్లనీ."

పొడిచాను. వంపు చివర, కొంచెం కిందుగా. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పొడవలేదు, అంత వంకరగానూ. మంచం మీద మోసుకువెళ్ళారు.

రాత్రి భోజనాల వేళకి కబురొచ్చింది. తల్లీ పిల్లా క్షేమం. ఆడపిల్ల. క్షేమం అనే మాట ఈ మధ్య చీటీల్లో తప్ప వినలేదు, నిజంగా అలా అనిపించడం మరిచిపోయాను. చీటీ ఏదీ రాలేదు. ఎనిమిదో చుక్క పనిచేసినట్టే ఉంది.

రోజు 37

సూర్యోదయానికి రేవు వైపు నుంచి కూత వినిపించింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి కూసింది కాబట్టి అదేమిటో ముందు ఎవరికీ తెలియలేదు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఆరు పడవలు.

బుద్రి పెనిమిటి ఆచూకీ భవనానికి పరిగెత్తి, పలక చదివి, తిరిగి పరిగెత్తుకొచ్చాడు. తప్పిపోయినవారు 14. దొరికినవారు 0. ఆచూకీ లేనివారు 14. అతను చదివిన ప్రతి అంకెకీ ఆడవాళ్ళు ఒకర్నొకరు పట్టుకున్నారు. మన పిల్లలు పద్నాలుగు మంది కనిపించడం లేదని సర్కారు ఒప్పుకున్నందుకు ఏడ్చాం. ఇలాంటి సంతోషం ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రోజు 39

హేమసుందర్ వచ్చాడు. ఆచూకీ భవనం మనిషి గోడపేట మెట్లెక్కడం ఇదే మొదటిసారి. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి మాట రావడం లేదు. నీళ్ళు ఇచ్చాను, మంచు నీళ్ళే.

సముద్రపు గోడ మూడో బురుజు అవతల, తెప్ప మీద ఏడుగురు దొరికారని చెప్పాడు. గొంతుపెట్టెలు లాక్కుని, గడువు దాటినా దించకుండా పని చేయించుకుంటున్నారు. ఐదుగురు ప్రాణాలతో ఉన్నారు. ఇద్దరివి శరీరాలు. ఐదుగురిలో ఒకతె పేరు సుకిరి అని చెప్పి, నా ముఖం చూసి, ఆగాడు.

నేను కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఈసారి లెక్క పెట్టలేదు.

ఆ ఏడుగురు కాక ఇంకా ఏడుగురు అని బుద్రి గుమ్మంలోంచి అంది. మాలతి దొరికినవాళ్ళలో లేదు, పోయినవాళ్ళలోనూ లేదు.

మిగతా పడవలు ఇంకా వెతుకుతున్నాయని అతనన్నాడు. ఒక పడవ మాత్రం ఈ ఐదుగురినీ తీసుకుని సాయంత్రం నాలుగింటికి రేవుకి వస్తుందట. వాళ్ళు దిగి రేవు గేటులోంచి... అక్కడ ఆగిపోయాడు. నాకు అర్థమైంది. బుద్రికి నాకన్నా ముందే అర్థమైంది.

గేటు మీద కన్ను ఉంది. సుకిరి దాని కింద నుంచి నడిచిన మరుక్షణం ఏడు చుక్కలు కనిపించినట్టే. ఏడుగురూ క్షేమం. పడవలన్నీ వెనక్కి. నా మనవరాలు ఇంట్లోకి అడుగుపెట్టిన కాళ్ళతోనే మాలతి మీద తలుపు మూస్తుంది.

సూదుల కట్ట బుద్రి చేతిలో పెట్టాను. ముందు నాకు పొడువు అన్నాను. దానికి సూదులు కొత్త, ఎనిమిదోది కనుబొమ దగ్గర పడింది. దానికి నేను పొడిచాను, చెవి వైపు. ఇద్దరం కణతల మీద మసి కారుతుండగా రేవుకి వెళ్ళాం. గేటు దాటాం. కన్ను మమ్మల్ని చూసింది, ఏమీ అనలేదు.

పడవ ఆగకముందే ఎక్కాను. ఇది నా వయసుకి తగ్గ పని కాదని పడవవాడు అన్నాడు, వాడికి సమాధానం చెప్పాను, అది ఇక్కడ రాయను.

సుకిరి చివరి బల్ల మీద దుప్పటి కప్పుకుని ఉంది. సగమైంది. చేతులు ఉప్పుకి పగిలిపోయాయి. నన్ను చూసి లేవబోయింది. పెట్టుకున్న పదకొండు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. దాని గడ్డం పట్టుకుని ముఖం పక్కకి తిప్పి, కదలకు అన్నాను.

సంగతి చెబుతూ పొడిచాను. విన్నది. నొప్పికి ఈసారి కళ్ళల్లో నీళ్ళు తిరగలేదు.

"అప్పుడడిగితే తిట్టినావు కదే, అమ్మమ్మా," అంది.

అప్పుడు నాకు ఎనిమిది లెక్కపెట్టడం రాదన్నాను. అది నవ్వడానికి ప్రయత్నించింది. బుద్రి మిగతా నలుగురికీ పొడుస్తూ, ఒక్కొక్కతెనీ మాలతి గురించి అడుగుతోంది. ఇంకో తెప్ప ఉంది, దక్షిణం వైపు, అందులో చూశానని నాలుగో పిల్ల చెప్పింది. మా వెంట రేవుకి వచ్చిన హేమసుందర్ ఆ మాట రాసుకోలేదు, గట్టు మీద పరిగెత్తుకుంటూ వెళ్ళి పడవలవాళ్ళకి చెప్పాడు.

ఐదుగురినీ గేటులోంచి నడిపించాం. ఒకరి తర్వాత ఒకరు. కన్ను ఎవరినీ గుర్తుపట్టలేదు. పడవలు వెనక్కి రాలేదు.

రోజు 41

ప్రాణం పోయిన ఇద్దరినీ నిన్న ముఖాలు కప్పి తెచ్చి సాగనంపాం. వాళ్ళవి ఏడు చుక్కలే. ముట్టుకోలేదు.

తర్వాత వసారాలో సూదులు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఆరుగురిలో మంగిలి, బుద్రి, నేను పోను నలభై మూడు మంది. కాగితం మీద గడులు గీసి, ఎవరి ఎనిమిదో చుక్క ఎక్కడో ముందే గుర్తు పెట్టాను. ఏ ఇద్దరిదీ ఒక చోట రాదు. మళ్ళీ ఇంకొకసారి ఎవరైనా పోతే, పోయింది ఎవరో యంత్రానికి కూడా తెలియాలి. అన్నిటికన్నా ముందు గౌరమ్మ అవ్వ వచ్చి కూర్చుంది. పైవాళ్ళ మాటేమిటని అడిగాను. ఆళ్ళకీ సదువు నేర్పు, నువ్వు టీచరువి కదా అంది. నోట్లో ఆకు లేదు.

సుకిరి ఇంట్లోనే ఉంది. పెద్దగా మాట్లాడదు. మంగిలి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. పొద్దున్న మంచు వల దులపడానికి నాకన్నా ముందే ఎక్కింది. బుద్రి వల కూడా అదే దులిపింది.

పుస్తకం చివరి పేజీలో ఒక గడి ఉంది. 'మీ ఇంటి స్త్రీ దొరికినందున ఈ దినచర్య ముగిసినది, సంతకం' అని. పెట్టలేదు. ఈ పుస్తకం బుద్రికి ఇస్తున్నాను, కాగితం ఇంకా చాలా ఉంది. ముందుగా ఆచూకీ భవనం వారి కోసం ఈ నాలుగు మాటలు.

ఎనిమిదేళ్ళ క్రితం మీ నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మని మెట్ల దగ్గర నుంచి తీయకండి. అది ఇప్పుడు సరైనది. ఈ రోజు నుంచి ఈ భూమి మీద ఏడు చుక్కలున్నవాళ్ళు ఏడుగురే, ఇంకా ఇంటికి రానివాళ్ళు. పడవల్ని ఆపకండి. మీ కళ్ళలో దేనికైనా ఆ గుర్తు కనిపిస్తే ఈసారి నమ్మండి, పరిగెత్తండి. అది మాలో ఎవరమూ కాదు.